మాయ కోసం 58 నిమిషాలు

పాప పుట్టింది ఉదయం 6:12కి. మాయ, అంటే ప్లాసెంటా, పడింది 7:10కి. ఆ మధ్యలో ఏం జరిగిందో రాసి పెడదామని కూర్చున్నాను. నొప్పుల గురించి, ముక్కడం గురించి చెప్పేవాళ్లు బోలెడు మంది. బిడ్డ బయటికి వచ్చాక ఇంకో చిన్న కాన్పు మిగిలి ఉంటుందని మొదటిసారి నాకు ఎవరూ చెప్పలేదు.

మూడేళ్ల క్రితం బాబు పుట్టినప్పుడు, వాడి మొహం సరిగ్గా చూశానో లేదో తొడ మీద చురుక్కుమంది. “ఏంటి సిస్టర్?” అంటే “ఏం లేదమ్మా, మాయ కోసం” అన్నారు. అప్పటికే బొడ్డుతాడు కోసేశారు. ఒక చేత్తో పొత్తికడుపు అదిమి పట్టి, రెండో చేత్తో తాడు లాగుతున్నారు. మెత్తగా, బరువుగా ఏదో జారింది. మొత్తం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ వెంటనే వాంతులు మొదలయ్యాయి. బాబుని నా చేతికి ఇస్తుంటే నేను ట్రే పట్టుకుని పక్కకి తిరిగి కక్కుతున్నాను. వాడి మొదటి అరగంట మా అక్క ఒడిలో గడిచింది. చెప్పుకుంటే చిన్న విషయమే. కానీ ఆ అరగంట నాకు మూడేళ్లూ గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే రెండోసారి నెల తప్పగానే నిర్ణయం తీసేసుకున్నాను. ఈసారి ఇంజెక్షన్ వద్దు, లాగడం వద్దు. మాయ దానంతటది పడేదాకా ఆగుతాను.

అక్టోబర్ 6న, 34వ వారం చెకప్‌లో ఈ మాట చెప్పాను. డాక్టర్ గారు వద్దనలేదు. “మొదటి కాన్పు కాగితాలు ఉన్నాయా?” అని మాత్రం అడిగారు. ఇంటికెళ్లి వెతికి, తర్వాతి వారం పట్టుకెళ్లాను. ఆమె డిశ్చార్జ్ కాగితం మీద వేలు పెట్టి చూపించారు. నాకు అప్పుడు ఇచ్చింది గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఒక్కటే కాదట, అందులో ఎర్గోమెట్రిన్ అనే ఇంకో మందు కూడా కలిసి ఉందట. “మీ వాంతులకి కారణం చాలావరకు ఈ రెండో మందే. ఉత్త ఆక్సిటోసిన్ అయితే అంత ఇబ్బంది ఉండదు” అన్నారు. మూడేళ్లు నేను కోపం పెంచుకున్నది ఒకదాని మీద, నన్ను ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. ఆ క్షణాన కొంచెం నవ్వొచ్చింది, కొంచెం ఏడుపొచ్చింది.

ఆ రోజు ఆమె ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి చెప్పారు. నాకు బాగా ఎక్కిన సంగతి ఏమిటంటే, ‘సహజంగా’ అనీ ‘మందుతో’ అనీ రెండే దారులున్నట్టు మనం మాట్లాడుకుంటాం గానీ, నిజానికి అందులో మూడు వేర్వేరు పనులున్నాయి: సూది ఇవ్వడం, తాడుకి క్లిప్పు ఎప్పుడు పెడతారన్నది, తాడు లాగడం. సూది తీసుకున్నంత మాత్రాన తాడు వెంటనే కోసేయాలని లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి కాన్పుకీ సూది ఇవ్వమనే చెబుతుంది, అది 10 యూనిట్ల ఆక్సిటోసిన్. అదే సంస్థ తాడు మాత్రం కనీసం ఒక నిమిషం ఆగి కోయమంటుంది. బాబుకి వెంటనే కోసేశారు కాబట్టి ఆ రెండూ ఒకటే అనుకున్నాను. తాడు లాగడం వల్ల అదనంగా కలిసొచ్చేది తక్కువే, రక్తస్రావాన్ని ఆపేది ప్రధానంగా సూదే అని 2012లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో తేలిందట. “అయితే ఒకటి గుర్తు పెట్టుకోండి. సూది లేకుండా, మాయ విడిపోయిన గుర్తులు కనపడకుండా తాడు లాగడం మాత్రం చేయకూడదు. గర్భసంచే తిరగబడి బయటికి రావచ్చు” అన్నారు. అది విన్నాక రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

అంకెలు కూడా అడిగాను. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2014 మార్గదర్శకాల్లో ఇచ్చినవి చదివి వినిపించారు. లీటరు కన్నా ఎక్కువ రక్తం పోయేది మందుతో అయితే వెయ్యి మందిలో సుమారు 13 మందికి, మందు లేకుండా అయితే 29 మందికి. రక్తం ఎక్కించాల్సి వచ్చేది 14 మందికి, 40 మందికి. వాంతులు, వికారం మాత్రం తిరగబడతాయి: మందుతో 100 మందికి, మందు లేకుండా 50 మందికి.

మా ఆయన ఆ అంకెలు చూసి “రెట్టింపు కన్నా ఎక్కువ కదా” అన్నాడు. నేను “వెయ్యిలో 971 మందికి ఏమీ కాలేదు కదా” అన్నాను. ఇద్దరం ఒకే కాగితం చూస్తున్నాం. మా అమ్మ ఏ కాగితమూ చూడకుండానే “నీ కాన్పప్పుడు నాకెవరూ సూది వెయ్యలేదే, గంటకి పడింది, నేను బతికే ఉన్నానుగా” అంది. అక్క మాత్రం వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. “వాంతులంటే భయపడి నెత్తురుతో ఆటలాడతావా” అని దాని వాదన. వాంతులు కాదే, ఆ అరగంట అని చెప్పాలనుకున్నాను. బాబుని ఎత్తుకున్నది తనే కాబట్టి చెప్పలేకపోయాను.

చివరికి డాక్టర్ గారు ఒప్పుకున్నారు, కానీ కొన్ని షరతులు పెట్టారు. హిమోగ్లోబిన్ బాగుండాలి (నాకు 11.4 ఉంది). నొప్పులు వాటంతటవే రావాలి. మధ్యలో నొప్పులు పెంచడానికి డ్రిప్ పెట్టాల్సి వస్తే ఈ మాట అక్కడితో మర్చిపోవాలి, ఎందుకంటే అలా డ్రిప్ మీద నడిచిన గర్భసంచి ఆ తర్వాత బాగా ముడుచుకోకపోవచ్చు. ముందే చేతికి కాన్యులా (నరంలోకి మందు ఎక్కించే సన్నటి గొట్టం) పెట్టించుకోవాలి. గంట దాటినా, రక్తం ఎక్కువగా పోతున్నా సూది తీసుకోవాలి. “ఎక్కువంటే ఎంత?” అన్నాను. “500 మిల్లీలీటర్లు దాటితే లెక్కలోకి వస్తుంది. మీరు అక్కడిదాకా ఆగకండి” అన్నారు. ఫైలు మొదటి పేజీ మీద అన్నీ రాసి, మా ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. ఇలా రాయించుకోవడం చాలా మంచిదైంది. పురిటి గదిలో ఉన్న మిడ్‌వైఫ్ నన్ను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆవిడ లోపలికి రాగానే చదివింది ఆ పేజీనే.

నవంబర్ 14 రాత్రి 11 గంటలకి నొప్పులు మొదలయ్యాయి. తెల్లవారుజామున 3:20కి ఆసుపత్రిలో ఉన్నాం. ఐదు గంటలకి కాస్త మందగించాయి. డ్రిప్ అంటారేమోనని టెన్షన్ పడి గది అంతా నడిచాను. మళ్లీ పుంజుకున్నాయి. 6:12కి పాప.

ఇప్పుడు అసలు సంగతి.

పాపని తుడిచి నేరుగా నా కడుపు మీద పడుకోబెట్టారు. గుండెల దాకా తెచ్చుకుందామంటే తాడు రానివ్వలేదు. బొడ్డుతాళ్లు సగటున అర మీటరు దాకా ఉంటాయట, మాది అంతకన్నా బాగా పొట్టిది. సినిమాల్లో చూపించినట్టు బిడ్డ సూటిగా రొమ్ము దగ్గరికి వచ్చేస్తుందనుకున్నాను. పాప నా బొడ్డు పైన ఆగిపోయి, తల పైకెత్తి వెతుక్కుంటోంది. ఎవరూ ముందే చెప్పని చిక్కుల్లో ఇది మొదటిది.

“తాడు పట్టుకుని చూడమ్మా” అంది మిడ్‌వైఫ్. పట్టుకున్నాను. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ వైరులా మెలికలు తిరిగి, నీలంగా, వేలంత లావుంది. వెచ్చగా, జారుడుగా ఉంది. రెండు వేళ్ల మధ్య పెడితే కొట్టుకుంటోంది. నా గుండె వేగం కాదది, పాపది. ఇందులోంచి పాపకి ఇంకా 80 నుంచి 100 మిల్లీలీటర్ల దాకా రక్తం వెళుతుందని, ఆ ఇనుము తర్వాతి నెలల్లో పనికొస్తుందని డాక్టర్ గారు చెప్పి ఉన్నారు. అలా ఆగితే కామెర్లకి లైటు కింద పెట్టాల్సిన అవకాశం కొంచెం పెరుగుతుందని కూడా చెప్పారు. ఆ క్షణంలో అవేవీ గుర్తు రాలేదు. వేళ్ల కింద ఆ కొట్టుకోవడం మెల్లగా తగ్గుతూ, తగ్గుతూ, 6:19కి ఆగిపోయింది. తాడు తెల్లబడి, వడలిపోయి, చల్లగా అయింది. ఈ ఏడు నిమిషాల కోసం మళ్లీ అంతా మొదటినుంచి చేయమన్నా చేస్తాను.

6:24కి క్లిప్పులు పెట్టి మా ఆయన చేత కోయించారు. కత్తెర ఒక్కసారికి తెగుతుందనుకున్నాడు పాపం. తడి తోలు కోస్తున్నట్టుగా మూడుసార్లు నొక్కాల్సి వచ్చింది. పాప నా గుండెల మీదికి వచ్చి, రెండు నిమిషాల్లో రొమ్ము పట్టేసింది. పాలు తాగుతుంటే మన ఒంట్లోనే ఆక్సిటోసిన్ ఊరుతుంది, అదే మాయని వదిలిస్తుంది అని విన్నాను. పాప తాగుతోంది. నేను ఎదురు చూస్తున్నాను.

ఏమీ జరగలేదు.

6:30కి వణుకు మొదలైంది. చలి కాదు, భయం కాదు, పళ్లు టకటకా కొట్టుకునేంత వణుకు. కాన్పు తర్వాత ఇది మామూలేనట. రెండు దుప్పట్లు కప్పారు. ఎవరూ నా పొట్ట ముట్టుకోలేదు, తాడు ముట్టుకోలేదు. ఈ పద్ధతిలో అలా వదిలేయడమే పని అట. మిడ్‌వైఫ్ నా కాళ్ల వైపు స్టూలు వేసుకుని చూస్తూ కూర్చుంది. నా కింద పరిచిన ప్యాడ్‌ని పది నిమిషాలకోసారి తీసి, చిన్న త్రాసు మీద పెట్టి, ప్యాడ్ బరువు తీసేసి అంకె రాసుకునేది. ఒక గ్రాము అంటే సుమారు ఒక మిల్లీలీటరు. కంటితో చూసి అంచనా వేస్తే తక్కువ చెబుతారనీ, అందుకే తూస్తారనీ చెప్పింది. త్రాసు బీప్ అన్నప్పుడల్లా మా ఆయన మెడ సాచి చూసేవాడు.

6:40కి “మూత్రానికి వెళ్లగలవా అమ్మా? నిండుగా ఉంటే మాయకి అడ్డం” అంది. బెడ్‌పాన్ పెట్టారు. పది నిమిషాలు కూర్చుంటే నాలుగు చుక్కలు వచ్చాయి. అంతా మొద్దుబారిపోయి ఉంది, వస్తోందో రావట్లేదో కూడా తెలియదు. “అయిపోయింది” అన్నాను. నిజంగానే అయిపోయిందనుకున్నాను.

6:52కి ఒక నొప్పి వచ్చింది. నెలసరి నొప్పికి రెండింతలు ఉంటుంది. దాంతో పాటు వెచ్చగా జారింది. మాయే అనుకుని సంబరపడ్డాను. రక్తం. త్రాసు: అంతా కలిపి 230. మాయ విడిపోతే మూడు గుర్తులు కనపడతాయట. ఒక్కసారిగా కొంత రక్తం రావడం, బయట ఉన్న తాడు ఇంకాస్త పొడవు సాగడం, గర్భసంచి గుండ్రంగా గట్టిపడి పైకి లేవడం. రక్తం వచ్చింది. తాడుకి పెట్టిన క్లిప్పు మాత్రం ఉన్నచోటే ఉంది. నేను ఆ క్లిప్పునే చూస్తున్నాను, బస్టాపులో నిలబడి రోడ్డు మలుపు చూసినట్టు.

గొంతుక్కూర్చోమన్నారు. పాపని మా ఆయనకి ఇచ్చి, మంచం పట్టీ పట్టుకుని కూర్చుని ముక్కాను. పాపకైతే ముక్కాలనే కోరిక ఒంట్లోంచి తన్నుకొచ్చింది. మాయకి అలాంటిదేమీ లేదు, ఊరికే ముక్కడమే. రాలేదు. 7:00కి మళ్లీ వెచ్చగా జారింది. ఈసారి ఆగలేదు, సన్నగా కారుతూనే ఉంది. త్రాసు: 390.

మిడ్‌వైఫ్ గొంతు మారలేదు. “గంట ఇంకా కాలేదు. నీ ఇష్టం. కానీ ఈ వేగంతో పోతే గంటయ్యేసరికి 500 దాటుతాం” అంది. అంతే. భయపెట్టలేదు, బతిమాలలేదు. అలా అన్నందుకు ఆవిడంటే నాకిప్పటికీ గౌరవం.

మా ఆయన మొహం చూశాను. పాప ఆయన చొక్కాలోపల ముడుచుకుని ఉంది. రెండు రకాల ఆలోచనలు ఒకేసారి వచ్చాయి. ఒకటి: ఇంకో పది నిమిషాలేగా. రెండోది: ఎవరి కోసం ఈ పది నిమిషాలు? నాకు కావాల్సినవి, ఆ తాడు కొట్టుకోవడమూ, పాప గుండెల మీద ఉండటమూ, రెండూ అయిపోయాయి. మిగిలింది పంతం. 7:02కి “ఇచ్చేయండి” అన్నాను. చెబుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఓడిపోయాననిపించింది. ఎవరి చేతిలో అని అడిగితే చెప్పలేను.

7:03కి తొడకి సూది. ఆక్సిటోసిన్ ఒక్కటే. ఎర్గోమెట్రిన్ కలపొద్దని ఫైలులో రాసి ఉంది, అయినా ఆవిడ సీసా నా కళ్ల ముందు పెట్టి చదివించింది. 7:05కి సన్నటి గొట్టం పెట్టి మూత్రం తీశారు. 400 మిల్లీలీటర్లు వచ్చింది! నాలుగు చుక్కలు పోసి అయిపోయిందన్న దాన్ని నేనే. గొట్టం పెట్టేటప్పుడు మంట పుట్టింది. మొత్తం ఉదయంలో నేను తిట్టింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత పొట్ట గట్టిపడటం నా చేతికే తెలిసింది. బొడ్డు కింద బంతిలా లేచింది. క్లిప్పు కదిలింది, నా కళ్ల ముందే నాలుగు వేళ్లంత కిందికి జారింది. ఆవిడ ఒక చెయ్యి పొత్తికడుపు మీద ఆనించి, తాడు మెల్లగా పట్టి, “ఇప్పుడు దగ్గమ్మా” అంది. దగ్గాను. ఎముకలు లేని బిడ్డ పుట్టినట్టు మెత్తగా జారిపోయింది. 7:10. నొప్పే లేదు. రక్తం మొత్తం 440 దగ్గర ఆగింది. ఈసారి వాంతి కాదు కదా, వికారం కూడా లేదు.

నా మాయని పడేసింది సూదా, ఖాళీ అయిన మూత్రాశయమా? మిడ్‌వైఫ్‌ని అడిగాను. “రెండూ అయ్యుంటాయి” అని నవ్వేసింది. 6:40కే గొట్టం పెట్టి ఉంటే సూది అవసరమే పడేది కాదేమో. పడేదేమో. ఇప్పటికీ పాపకి పాలిస్తూ అర్ధరాత్రి ఇదే లెక్క వేసుకుంటూ ఉంటాను. మీరు ఈ దారి ఎంచుకుంటే మాత్రం మూత్రం సంగతి నాలా పైపైన తేల్చేయకండి. కాన్పు ఊపు రాకముందే ఒకసారి వెళ్లి రండి. తర్వాత వచ్చింది నాలుగు చుక్కలే అయితే నాలుగు చుక్కలనే చెప్పండి.

మాయని చూస్తావా అన్నారు. మొదటిసారి చూడలేదు, ఈసారి చూశాను. పళ్లెమంత వెడల్పు, 540 గ్రాములు. నా గర్భసంచికి అతుక్కుని ఉన్న వైపు ముదురు ఎరుపు, ముద్దలు ముద్దలుగా ఉంది. ఆవిడ ఆ ముద్దలన్నీ ఒకదానికొకటి కలుస్తున్నాయో లేదో వేళ్లతో దగ్గరికి చేర్చి చూసింది. ఒక్క ముక్క లోపల మిగిలినా తర్వాత రక్తస్రావమో, ఇన్‌ఫెక్షనో రావచ్చట. తిప్పితే పాప వైపు. నున్నగా మెరుస్తూ, తాడు దగ్గర్నుంచి అంచుల దాకా నరాలు చెట్టు కొమ్మల్లా పాకి ఉన్నాయి. తాడు కోసిన చోట మూడు రంధ్రాలు చూపించింది. రెండు చిన్నవి, ఒకటి పెద్దది. మా ఆయన మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

అక్కడితో అయిపోలేదు. రెండు గంటల పాటు పావుగంటకోసారి వచ్చి పొట్ట నొక్కి గట్టిగా ఉందో లేదో చూశారు. ఆ నొక్కుడు మాయ పడటం కన్నా ఎక్కువ నొప్పి, ముందే చెబుతున్నాను. రెండు కుట్లు పడ్డాయి. మూడు రోజులు పాప రొమ్ము పట్టినప్పుడల్లా పొత్తికడుపు మెలిపెట్టేది. బాబప్పుడు ఇంత లేదు. రెండో కాన్పుకి ఇవి ఎక్కువే ఉంటాయన్నారు. మర్నాడు హిమోగ్లోబిన్ 10.3. ఐరన్ మాత్రలు రాసిచ్చారు. లేచి నిలబడితే వారం రోజులు కళ్లు తిరిగాయి, ఆ తర్వాత సర్దుకుంది. పాపకి కామెర్లు కొంచెం వచ్చాయి, లైటు దాకా వెళ్లకుండానే తగ్గాయి.

అక్క మొదటిరోజు సాయంత్రం వచ్చింది. సూది తీసుకున్నానని విని “అదే ముందే తీసుకుని ఉంటే” అనబోయి, నా మొహం చూసి ఆగింది. పాపని ఎత్తుకుంది. అప్పటికి పాప పుట్టి పన్నెండు గంటలు దాటింది.

నవంబర్ 17న డిశ్చార్జ్. ఆ ముందురోజు రాత్రి డ్యూటీలో మళ్లీ ఆ మిడ్‌వైఫే ఉంది. నా ఫారం నింపుతూ ఒక చోట ఆగింది. మాయ ఎలా పడిందన్న దగ్గర రెండు గడులే ఉన్నాయి: ‘సహజంగా’, ‘మందుతో’. “ఏది టిక్ పెట్టమంటావు?” అంది. ఏదైతే నిజమో అదే పెట్టమన్నాను. కాసేపు పెన్ను గాల్లో పెట్టి ఆలోచించి, రెండో గడిలో టిక్ పెట్టి, పక్కన ఖాళీలో చిన్న అక్షరాలతో రాసింది: ‘51 నిమిషాలు ఆగిన తర్వాత, తల్లి కోరిక మీద’.